రంగు వేయకూడని చోటు

మా ఆవిడ తమ్ముడిని అందరూ ఫ్యూజు అంటారు. పదేళ్ళ వయసులో ఇంట్లోకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దామని ఫ్యూజు పీకి, తమ వాటాతో పాటు పక్క వాటాని కూడా చీకటి చేశాడట. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. ఇప్పుడు నలభై ఆరేళ్ళు. బండ్ల కరెంటు పనిలో తనను మించినవాడు లేడని వాడి నమ్మకం. రంగుల పనిలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఇలాంటి ఇద్దరు గొప్పవాళ్ళు కలిసి ఒక బండి మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో నేను చెప్పాల్సిందే, ఎందుకంటే ఫ్యూజు చెబితే నా పరువు ఇంకా ఎక్కువ పోతుంది.

ముందు బండి సంగతి. మా ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ళు మా పేటలోని చిన్న గ్రంథాలయంలో పనిచేసింది. పుస్తకాల కట్టలు తేవడానికి వాళ్ళకు వెనక భాగం పొడుగ్గా ఉండే కారు ఒకటి ఉండేది. ఆవిడ డ్రైవింగు నేర్చుకున్నదీ దానిమీదే, ఆ తరవాత ఆ కారు నడిపిందీ ఆవిడే. పోయినేడాది ఆ గ్రంథాలయాన్ని మూసేశారు. చివరి రోజున ఒక పిల్ల రెండు భాగాల నవలలో మొదటి భాగం తిరిగి ఇచ్చి, రెండో భాగం ఇప్పుడు ఎవరిస్తారని అడిగిందట. ఆ ప్రశ్న మా ఇంట్లో ఆరు నెలలు కాపురం చేసింది. మా ఆవిడ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పందొమ్మిది వందల పుస్తకాలనూ, ముప్ఫై ఒక్కేళ్ళ ఆ కారునూ తన పేరు మీద రాయించుకుంది. గ్రంథాలయం లేని పదకొండు బడులకు వారానికోసారి ఆ కారులో పుస్తకాలు తీసుకువెళ్ళడానికి విద్యాశాఖను ఒప్పించింది. సోమవారం మొదటి బడి.

దానికి ఒకటే మెలిక. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని తనిఖీ కేంద్రం వాళ్ళు కాగితం ఇవ్వాలి. పదిహేను రోజుల కిందట తీసుకువెళ్ళాం. బ్రేకులు బాగున్నాయి, చక్రాలు బాగున్నాయి, అన్నీ బాగున్నాయి. తీరా ముందు లైట్లు వేసేసరికి ఎడమది జబ్బుపడ్డ మనిషి కళ్ళలా పసుపుపచ్చగా వెలిగింది. కుడివైపు తిరుగుతున్నట్టు సైగ లైటు వేస్తే, దానితో పాటు ముందు లైటు కూడా కన్ను కొట్టింది. హారన్ నొక్కితే రెండూ ఒకేసారి నీరసించాయి. తనిఖీ అధికారి నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు దాటిన బండికి ఇంకొక్క అవకాశమే ఉంటుందనీ, పదిహేను రోజుల్లో బాగు చేయించి తెమ్మనీ, లేకపోతే నంబరు రద్దు చేసి తుక్కుకు పంపాల్సి వస్తుందనీ చెప్పాడు. ఆ పదిహేనో రోజు శనివారం. కేంద్రం నాలుగింటికి మూసేస్తారు.

ఫ్యూజు ఈ పదిహేను రోజులూ ఊరికే కూర్చోలేదు. ఒక ఆదివారం వచ్చి బల్బులు మార్చాడు, లైట్లు మారలేదు. ఇంకో రోజు వచ్చి స్విచ్చు మార్చాడు. మధ్యలో వాడికి వేరే ఊళ్ళో బస్సుల పని తగిలి వారం పోయింది. చివరికి శనివారం ఉదయం ఏడింటికల్లా సామాన్ల పెట్టెతో దిగాడు. ఇవాళ ఈ బండి సంగతో, తన సంగతో తేల్చేస్తానన్నాడు. నేను గుమ్మం దగ్గర కాఫీ తాగుతూ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు బల్బుల మీదా స్విచ్చుల మీదా నెపం వేయడం మాని పని చూడమన్నాను. మా మధ్య ఇలాంటివి మామూలే. బావను బావమరిదీ, బావమరిదిని బావా అనకపోతే ఇంకెవరంటారు.

నిజానికి వాడి కన్నా నేనే ఆ బండితో ఎక్కువ రోజులు గడిపాను. గ్రంథాలయం పెరట్లో ఆరు నెలలు పడి ఉన్న ఆ కారులో తీగలన్నీ ఎలుకలు కొరికేశాయి. ముందు ఫ్యూజు వచ్చి తీగలన్నీ కొత్తవి వేశాడు. ఆ రోజు లైట్లు వేసి చూపించాడు, ఎదుటి గోడ మీద తెల్లగా పడింది వెలుగు. ఆ తరవాత బండి నా చేతికొచ్చింది. నేను కార్లకు రంగులేసేవాణ్ణి కాదు. ఇనప గేట్లు, కిటికీ ఊచలు, బీరువాలు, దుకాణాల బోర్డులు, ఇవీ నా పని. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన సూత్రం ఒకటే: ఇనుము ఇనుమును తాకిన చోట తుప్పు పుడుతుంది. అందుకని గేటుకు రంగు వేయాలంటే బందులు విప్పాలి, బోల్టు తీయాలి, బోల్టు కింద వేయాలి, బోల్టుకూ వేయాలి, ఆరాక మళ్ళీ బిగించాలి. కంటికి కనిపించే చోట ఎవడైనా వేస్తాడు, కనిపించని చోట వేసేవాడే రంగులవాడని ఆయన అనేవాడు. నలభై ఏళ్ళుగా నేను ఆ మాట తప్పలేదు. ఈ బండి విషయంలోనైతే మరీ తప్పలేదు, ఎందుకంటే ఇది మా ఆవిడ బండి.

ముదురాకుపచ్చ రంగు. అడుగున తుప్పు పట్టనివ్వని పూత రెండుసార్లు, పైన రంగు నాలుగుసార్లు. ముందు మూత ఎత్తి చూసినా లోపల అంతా ఆకుపచ్చే. ఇంజన్ జోలికి మాత్రం పోలేదు, దానికున్న నూనె జిడ్డు మీద రంగు నిలవదు. తలుపు మీద పసుపు కలిసిన తెలుపుతో 'పుస్తకాల బండి' అని రాశాను. ఆ ఒత్తులూ దీర్ఘాలూ చూసి వీధిలో జనం ఆగిపోయేవారు. ఆగకపోతే నేనే ఆపేవాణ్ణి.

శనివారం ఉదయానికి తిరిగొస్తాను. ఫ్యూజు ముందు మూత ఎత్తి, తన పరీక్ష దీపం తీశాడు. అది చిన్న బల్బు, దాని ఒక కొస బ్యాటరీకి తగిలించి రెండో కొసను తీగకు ఆనిస్తే, తీగలో కరెంటు ఉంటే వెలుగుతుంది. ఎడమ లైటు వెనక ఉన్న తీగకు ఆనించాడు. వెలిగింది. కుడివైపు పెట్టాడు, వెలిగింది. పెద్ద లైటు తీగ, చిన్న లైటు తీగ, అన్నిటిలోనూ దివ్యంగా వెలిగింది. తీగ చివరిదాకా కరెంటు వస్తోంది, బల్బు కొత్తది, అయినా లైటు సరిగా వెలగదు. ఫ్యూజు గడ్డం గోక్కున్నాడు.

"అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది బావా," అన్నాడు.

తరవాత నావైపు తిరిగి, తను తీగలు వేశాక వాటి మీద ఎవరైనా చెయ్యి పెట్టారా అని అడిగాడు. నేను ఛాతీ విరుచుకుని, తీగలన్నిటికీ కాగితం చుట్టి మరీ రంగు వేశాననీ, ఒక్క తీగ మీద ఒక్క చుక్క పడి ఉంటే చూపించమనీ అన్నాను. వాడు వంగి చూశాడు. నిజంగానే ఒక్క చుక్క లేదు. వాడు ఒప్పుకున్నాడు కూడా, ఇంత శుభ్రమైన బండి తను చూడలేదని. నేను ఇంకో కాఫీ తెప్పించుకున్నాను.

పదింటిదాకా వాడు లైట్లకు కరెంటు వదిలే రిలే మార్చాడు, ఫ్యూజులు మార్చాడు. ఫ్యూజు ఫ్యూజులు మారుస్తున్నాడని నేను ఒక ముక్క అన్నాను, ఎవరూ నవ్వలేదు. లోపల ముందు గదిలో మా ఆవిడ పదకొండు బడులకు పదకొండు పెట్టెలు వరసగా పెట్టి, చీటీలు రాసుకుంటూ పుస్తకాలు సర్దుతోంది. ఏ బడిలో ఏ తరగతిదాకా ఉందో, ఎక్కడి పిల్లలకు బొమ్మల పుస్తకాలు ఎక్కువ కావాలో ఆవిడకు కంఠతా వచ్చు. బయటికి వచ్చి ఎంతవరకు వచ్చిందని ఒక్కసారి కూడా అడగలేదు. అడక్కపోవడమే నాకు బాగాలేదు.

పదకొండు గంటలప్పుడు ఫ్యూజు స్టీరింగు కింద దూరి, లోపలి తీగల కట్ట విప్పడం మొదలుపెట్టాడు. తన అతుకుల్లోనే ఎక్కడో తప్పుందని వాడికి అనుమానం వచ్చింది. నేను పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నాను. పొద్దుపోవడానికి, అసలీ కరెంటు ఎలా పోతుందిరా అని అడిగాను. అడక్కుండా ఉంటే బాగుండేది. కాదు, అడగడమే మంచిదైంది.

"కరెంటు వెళితే చాలదు బావా, వెనక్కి రావాలి," అన్నాడు వాడు లోపల్నుంచే. "ఇంట్లో అయితే దానికి రెండు తీగలుంటాయి. కార్లో పోయేందుకే తీగ ఉంటుంది. వచ్చేందుకు ఉండదు. ఈ బండి ఒళ్ళే రెండో తీగ. ఈ రేకు మీదుగానే బ్యాటరీకి తిరిగొస్తుంది."

ఆ రేకుకు లైటు ఎక్కడ కలుస్తుందని అడిగాను. వాడు తల బయటపెట్టి, స్క్రూడ్రైవరుతో లైటు పక్కనున్న బోల్టు చూపించాడు. ఒక నల్ల తీగ చివర ఇనప ఉంగరం, ఆ ఉంగరం మీద బోల్టు, బోల్టు మీద నా ఆకుపచ్చ రంగు.

"దీన్నే ఎర్త్ అంటాం. పాత బండ్లలో ముందు ఇక్కడే తుప్పు పట్టి చస్తుంది. ఇక్కడ ఇనుమూ ఇనుమూ గట్టిగా తగులుతుండాలి. నువ్వు ఎంత శుభ్రంగా పెట్టావో చూడు. దీని జోలికి పోనక్కర్లేదు," అని మళ్ళీ లోపల దూరాడు.

ఆ బోల్టు నేను విప్పాను. ఉంగరం పక్కకు జరిపాను. దాని కింద రేకు మీద ఆరు పూతలు వేశాను. బోల్టుకు వేశాను, బోల్టు దిగే రంధ్రంలోకి సన్న కుంచె దూర్చి మరలకు కూడా వేశాను. ఉంగరానికీ రెండువైపులా ఒక పూత వేశాను, పాపం అదొక్కటే ఎందుకు బోసిగా ఉండాలని. ఆ ఒక్క బోల్టే కాదు, ముందు మూత కింద ఉన్న ప్రతి బోల్టుకీ అంతే. ఇనుమూ ఇనుమూ తగలాలని వాడి శాస్త్రం. తగలకూడదని మా నాన్న శాస్త్రం.

ఇక్కడ మర్యాదస్తుడైన మనిషి వెంటనే నోరు తెరుస్తాడు. నేను తెరవలేదు. ఆరు నెలలుగా ఆ రంగు గురించి వీధి వీధంతా విన్నది. ఫ్యూజు ఈ మాట పట్టుకుంటే నేను పోయేదాకా వదలడు, పోయాక కూడా వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. పైగా ఏమో, అంత పల్చటి రంగు కరెంటును ఆపుతుందా అని మనసులో ఒక చిన్న ఆశ. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, చాలాసేపటికి, ఏదో మాట వరసకన్నట్టు, రంగులోంచి కరెంటు పోతుందారా అని అడిగాను. వాడు తీగలు లెక్కపెట్టుకుంటూ, ఎందుకు పోతుంది, పోదు అన్నాడు. ఎందుకడిగావని కూడా అడగలేదు. వాడి ధ్యాస వాడిది.

అలా రెండు గంటలు గడిచాయి. నా జీవితంలో అంత సిగ్గుమాలిన రెండు గంటలు మళ్ళీ లేవు. వాడు కట్ట మొత్తం విప్పాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరక్కపోయేకొద్దీ వాడి ముఖం వాడిపోయింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వాడు మంచి పనివాడు, ఇరవై ఏళ్ళుగా బస్సులవాళ్ళు వాడి కోసం కబురు పెడతారు. అలాంటివాడు తన పని మీదే నమ్మకం పోగొట్టుకుంటుంటే నేను టార్చి పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఒకసారి నోటిదాకా వచ్చింది. అంతలో వాడు, ఈ చెత్త అతుకు ఎవడు వేశాడో అని తనను తనే తిట్టుకున్నాడు. నేను మళ్ళీ మింగేశాను.

ఒంటిగంటకు వాడు బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, నేరుగా ముందు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, నావల్ల కాలేదు. తప్పు నా వైరింగులోనే ఉంది. ఎక్కడుందో దొరకలేదు."

మా ఆవిడ చేతిలో ఉన్న పుస్తకం పెట్టెలో పెట్టింది. తమ్ముడి ముఖం చూసి, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా అని అడిగింది. వాడు తల అడ్డంగా ఊపాడు. వంటింట్లో అన్నీ మూతపెట్టి ఉన్నాయి, ముందు తినమంది. వాడు కంచం తెచ్చుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు. తరవాత ఫోను దగ్గర కూర్చుని, అద్దాలు పెట్టుకుని, నంబర్ల పుస్తకం తెరిచింది. ఎవరికని అడిగాను.

"సోమవారం బడికి. పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి ఎదురుచూస్తామన్నారు. రావట్లేదని ముందే చెప్పాలి కదండీ," అంది.

ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. రిసీవరు ఎత్తి, వేలు పెట్టి ఒక్కొక్క అంకే నొక్కుతోంది. నాలుగో అంకె దగ్గర నేను ఇక ఆగలేకపోయాను.

"ఫోను పెట్టెయ్యి," అన్నాను. "తప్పు వాడిది కాదు. నాది. ఎర్త్ బోల్టులన్నీ విప్పి కింద రంగు వేశాను."

ఫ్యూజు చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. మా ఆవిడ రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని నావైపు చూసింది. మీకెప్పుడు తెలిసిందని అడిగింది. పదకొండింటికన్నాను. ఇప్పుడెంతైందని అడిగింది. గోడ గడియారం నా వెనకే ఉంది, అయినా నన్నే చెప్పమంది. ఒంటిగంటా పది అన్నాను. ఆవిడ ఫోను పెట్టేసింది.

"సరే. అన్నం తరవాత తిందురుగాని. ముందు గీకండి."

ఇరవై తొమ్మిదేళ్ళు గ్రంథాలయంలో పనిచేసిన మనిషి, ఎవరినీ గట్టిగా అనడం నేర్చుకోలేదు. ఆ మెత్తటి మాటకు నా చెవులు కాలిపోయాయి.

ఫ్యూజు ముద్ద అక్కడే వదిలి పరిగెత్తాడు. ఒక పొడుగాటి తీగ తీసి, ఒక కొస బ్యాటరీకి చుట్టి, రెండో కొస ఎడమ లైటు వెనకనున్న నల్ల తీగకు ఆనించాడు. లైటు భగ్గుమంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కళ్ళు మూసుకోవలసి వచ్చింది. తీసేశాడు, పసుపుపచ్చగా నీరసించింది. ఆనించాడు, భగ్గుమంది. అలా నాలుగుసార్లు చేశాడు. ఒకసారి చేస్తే చాలు, మిగతా మూడూ నా కోసమని నాకు తెలుసు.

తరవాత వాడు నవ్వడం మొదలుపెట్టాడు. బండికి జేరబడి, కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పొద్దున్నుంచీ పోయిన ప్రాణం వాడికి తిరిగొచ్చింది. తన వైరింగు బాగుంది, తన అతుకులు బాగున్నాయి. పైన పటారం, లోన లొటారం అన్నాడు. కాదు కాదు, ఇది పైనా పటారమే లోనా పటారమే, అదే వచ్చిన చిక్కు అన్నాడు. తన సర్వీసులో తుప్పు పట్టి చెడిన ఎర్త్‌లు వేలు చూశాననీ, ప్రేమతో చెడినది ఇదొక్కటేననీ అన్నాడు. అనుకోరా, ఎంత కావాలంటే అంత అనుకో అన్నాను. నిజం చెబుతున్నాను, వాడు నవ్వుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

గీకడం నేనే మొదలుపెట్టాను. పాత గేట్ల రంగు ఊడగొట్టే ముక్కోణపు చాకు నా దగ్గరుంది. ఎడమ లైటు బోల్టు విప్పి, ఉంగరం జరిపి, దాని కింద నా ఆకుపచ్చ మీద చాకు పెట్టాను. చెయ్యి ఆడలేదు. నలభై ఏళ్ళలో నేను వేసిన రంగును నేనే గీకడం అదే మొదలు. ఫ్యూజు పక్కన నిలబడి, ఉంగరం పట్టేంత మేర చాలు బావా, బండి మొత్తం అక్కర్లేదు అన్నాడు. గట్టిగా ఒక గీత గీశాను. ఆరు పూతల కింద తెల్లటి ఇనుము మెరిసింది. గుండ్రంగా తీసి, గరుకు కాగితంతో రుద్ది, ఉంగరం కూడా రుద్ది పెట్టి బిగించాను. మా ఆవిడ లోపల కూర్చుని స్విచ్చు వేసింది. లైటు వెలిగింది, ఏ తీగా ఆనించకుండా, దానంతట అదే. నేను రంగు వేసిన పని చూసుకుని చాలాసార్లు మురిసిపోయాను గాని, రంగు తీసేసిన పని చూసుకుని మురిసింది మాత్రం అప్పుడే.

మొత్తం తొమ్మిది బోల్టులు. మూడోదానికల్లా బాధ పోయింది, ఆరోదానికి ఈల కూడా వేశాను. అంతలో ఫ్యూజు విప్పిన తీగలన్నీ లోపల కట్టేశాడు. చివర్న ఒక డబ్బా తెచ్చి, బిగించిన ప్రతి బోల్టు మీదా గ్రీజు పూశాడు. ముందు ఇనుమూ ఇనుమూ తగిలి గట్టిగా బిగుసుకోవాలట, ఆ తరవాత నీళ్ళు దిగకుండా పైన గ్రీజు పూసుకున్నా, రంగు పూసుకున్నా తప్పులేదట. అంటే మీ నాన్న చెప్పిందీ నిజమే, ముందు వెనకలే తేడా అన్నాడు. ఆ మాటన్నందుకు వాడి వెయ్యి తప్పులు కాయొచ్చు. వాడు మాత్రం ఒక్కటి కూడా చెయ్యలేదు, అది వేరే సంగతి.

రెండూ నలభైకి బయల్దేరాం. మా ఆవిడ నడిపింది, ఫ్యూజు పక్కన, నేను వెనక పుస్తకాలకని బిగించిన అరల మధ్య ముడుచుకుని. చేసుకున్నవాడికి చేసుకున్నంత. కేంద్రం దగ్గర మా ముందు ఆరు బండ్లున్నాయి. ఒక్కొక్కటీ కదులుతుంటే మా ఆవిడ రెండు చేతులతో స్టీరింగు పట్టుకునే కూర్చుంది, బండి ఆగి ఉన్నా సరే. మా వంతు వచ్చేసరికి నాలుగుకు పన్నెండు నిమిషాలు తక్కువ.

అదే అధికారి. కాగితాలు చూశాడు, గోడకు గీసిన గీత ఎదురుగా బండి పెట్టించాడు. చిన్న లైట్లు వేయమన్నాడు. వెలిగాయి. పెద్దవి వేయమన్నాడు. గోడ మీద రెండు తెల్లటి వెలుగులు సమానంగా పడ్డాయి. కుడి సైగ, ఎడమ సైగ, ఏవి వెలగాలో అవే వెలిగాయి, ఏదీ కన్ను కొట్టలేదు. హారన్ నొక్కమన్నాడు. పొద్దున్నదాకా జలుబు చేసినట్టు మూలిగిన హారన్ ఒక్కసారి మోగేసరికి పక్క వరసలో మనిషి ఎగిరి గెంతాడు. అధికారి పెన్ను తీసి, పోయినసారి ఏమిటి లోపమని అడిగాడు.

ఫ్యూజు నావైపు చూడకుండానే, ఎర్త్ వదులైంది సార్ అన్నాడు. వాడు అలా అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. తలుపు తెరుచుకుని కిందికి దిగాను.

"వదులు కాలేదండీ," అన్నాను. "ఎర్త్ కింద నేను రంగు వేశాను. ఈయన వైరింగులో ఏ లోపమూ లేదు."

అధికారి నన్ను చూశాడు, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు మీది అక్షరాలు చదివాడు. రంగు గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఈ బండి ఏయే బడులకు వెళుతుందని మా ఆవిడను అడిగాడు. ఆవిడ పదకొండు పేర్లూ గడగడా చెప్పింది. ఏడో పేరు దగ్గర ఆయన తల ఎత్తి, మా అమ్మాయి అక్కడే చదువుతోంది అన్నాడు. తరవాత కాగితం మీద ముద్ర వేసి, అది ఆరేలా రెండుసార్లు ఊది, మా ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ కాగితాన్ని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదువుకుంది.

విద్యాశాఖ ఆఫీసులో కాగితం చూపించి ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఎండ ఇంకా గట్టిగానే ఉంది. కాసేపటికి ఫ్యూజుకు అనుమానం వచ్చి ముందుకు వంగి చూశాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయని చెప్పాడు. తెలుసంది ఆవిడ. బల్బుల ఆయుష్షు ఊరికే అయిపోతుందక్కా అన్నాడు. అయిపోనీ అంది.

ఎదురొచ్చే బండ్లవాళ్ళు చూశారు. ఒక మోటారు సైకిలు మనిషి చెయ్యెత్తి, వేళ్ళు మూసి తెరిచి, మూసి తెరిచి చూపించాడు, లైట్లు ఆర్పలేదని. ఆవిడ చెయ్యి ఊపింది. సైకిలు మీద పోతున్న ఒక పెద్దాయన చూపించాడు. ఒక బస్సు డ్రైవరు చూపించాడు. బస్సులో వెనక కిటికీ పక్కనున్న ఇద్దరు పిల్లలు కూడా, ఎందుకో తెలియకుండానే, వేళ్ళు మూసి తెరిచారు. ఆవిడ ప్రతి ఒక్కరికీ చెయ్యి ఊపుతూనే ఉంది. నేను ఆరు పూతలు వేసిన రంగును ఆ రోడ్డు మీద ఒక్కడంటే ఒక్కడు చూడలేదు. అందరూ లైట్లే చూశారు. నాకెంత సంతోషం వేసిందో, వెనక అరల మధ్య ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, గట్టిగా నవ్వాను.

కూడలి దగ్గర ఆగినప్పుడు పక్కన ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు పైనుంచి సగం బయటికి వంగి, పాపం ఎంతో శ్రద్ధగా చెప్పాడు.

"అమ్మా, మీ లైట్లు వెలుగుతున్నాయి."

మా ఆవిడ అద్దం కిందికి దించి, తల బయటపెట్టి, అతని వైపు చూసింది.

"అవునయ్యా," అంది. "వెలుగుతున్నాయి."